గొలుసుకుట్టు

పిండి సంచి మూతి విప్పాలంటే మా ఇంట్లో నేను తప్ప దిక్కులేదు. ఆ మూతికి వేసేది గొలుసుకుట్టు. సరైన కొస పట్టుకుని లాగితే సర్రున మొత్తం ఊడి వస్తుంది. రెండో వైపు లాగితే బిగుసుకుపోతుంది. మా ఆయన ఆ కొస కోసం ఎన్నడూ వెతికిన పాపాన పోలేదు. కత్తి తెచ్చి సంచి గొంతు కోస్తారు, పిండి గచ్చంతా ఒలుకుతుంది, తుడిచేది నేను. పోయిన నెల నేను దారం లాగుతుంటే "సంచి విప్పడం కూడా ఒక విద్యేనా?" అన్నారు. అత్తయ్య నవ్వారు. అలవాటు ప్రకారం నేనూ నవ్వాను.

ఆ విద్యే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. ఓడరేవులో కస్టమ్స్ వాళ్ల ల్యాబులో పదకొండేళ్లుగా కెమిస్టుని. అనుమానం వచ్చిన సరుకులో మత్తుమందు ఉందో లేదో తేల్చి చెప్పడం నా పని. ఈమధ్య మా ల్యాబూ, సముద్రం అవతల మరో మూడు దేశాల ల్యాబులూ కలిసి ఒకే ముఠా వెంట పడ్డాయి. వాళ్లు పిండి బస్తాల్లో సరుకు దాచి రేవులు దాటిస్తున్నారు. అవతల ఒక ల్యాబులో నాలాంటి కెమిస్టే ఒకావిడ ఉంది. నేను అవతలి ఒడ్డక్క అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ గొంతు ఎప్పుడూ వినలేదు, అన్నీ రాతలే. కానీ ఆవిడ చిన్నదానికి ఎప్పుడు జ్వరం వచ్చిందో నాకు తెలుసు.

వాళ్ల రేవులో దొరికిన బస్తాల ఫొటోలు ఆవిడే పంపింది. మామూలు బస్తా మూతికి సూది చిల్లులు ఒక వరసే ఉంటాయి. వీటికి రెండు వరసలున్నాయి. అంటే కొస తెలిసినవాళ్లెవరో దారం శుభ్రంగా లాగేసి, పెట్టాల్సింది పెట్టి, కొత్త దారంతో మళ్లీ కుట్టారు. పాత చిల్లులు మాత్రం పూడవు కదా. ఆ సంగతి రిపోర్టు రాసి పంపితే, అవతలి ఒడ్డక్క తర్వాతి ఓడలో పన్నెండు బస్తాలు ఇట్టే పట్టేసింది. రిపోర్టు మాత్రం మా సారు సంతకంతో పైకి వెళ్లింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ పద్ధతి నాలుగు దేశాల సిబ్బందికీ నేర్పడానికి అవతల మూడు వారాల శిక్షణ పెట్టారు. నేర్పడానికి నన్నే పంపమని అవతలి ఒడ్డక్క రాసింది. సమ్మతి కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వాలి. ఇంట్లో చెబితే మా ఆయన కోప్పడలేదు, అదే చిక్కు. "వెళ్లు, నేనేం వద్దన్నానా? ఇల్లెలా నడుస్తుందో మాత్రం నువ్వే ఆలోచించు" అన్నారు. ఆ ఆలోచించే పని కూడా నాదే. మా సారేమో, సంసారం ఉన్నదానివి ఇబ్బంది పడకమ్మా, నేను వెళ్లొస్తాలే అన్నారు. వారం రోజులుగా ఆ కాగితం నా బ్యాగులో టిఫిన్ డబ్బా కింద నలుగుతోంది.

నిన్న ఉదయం నాలుగు దేశాల వీడియో మీటింగు. వాటిలో ఒక దేశపు రేవులో తొమ్మిది వందల బస్తాల కంటైనరు ఆగి ఉంది. అనుమానమే తప్ప ఆధారం లేదు. మధ్యాహ్నం పన్నెండులోపు ఏదో ఒకటి చూపకపోతే వదిలెయ్యాలి. ఏ బస్తాలు చూడమంటారని అక్కడి అధికారి అడిగాడు. నేను సారు పక్కన కూర్చున్నాను, కాగితాలు అందించడానికి. మైకు ఆయన ముందుంది.

సారు గొంతు సవరించుకుని, "తెగిన దారం కోసం చూడండి. సంచిని కత్తితో కోసి మళ్లీ కుట్టి ఉంటారు" అన్నారు.

అప్పుడు తెలిసింది, ఆయన నా రిపోర్టు చదవనే లేదు. జన్మలో ఒక్క సంచి కొస పట్టి విప్పని మనిషి, దొంగలు కూడా తనలాగే కోస్తారనుకున్నారు. తెగిన దారం ఒక్కటీ దొరకదు. వెతుకుతుండగానే పుణ్యకాలం కాస్తా అయిపోతుంది, ఆ పొడి ఊళ్ల మీద పడుతుంది. మా కింది వాటా ఆవిడ కూతుర్ని మింగింది అలాంటి పొడే. అప్పటికి డిగ్రీ ఆఖరి ఏడు చదువుతోంది ఆ పిల్ల. ఆ తల్లి మెట్ల మీద ఎదురైతే ఇప్పటికీ తల దించుకుని పక్కకి తప్పుకుంటాను.

సారుకి చీటీ రాసి జరిపాను. చీటీలు జరపడం నాకు బాగా వచ్చిన పని. ఆయన చూడకుండానే ఫైలు కిందికి తోసేశారు. ఒళ్లు మండింది. మైకు నా వైపు తిప్పుకున్నాను.

"దారం తెగి ఉండదండీ. చిల్లులు చూడండి. మూతి దగ్గర రెండు వరసలుంటే అదే బస్తా."

సారు మొహం మాడిపోయింది. మాట్లాడుతున్నదెవరని తెర మీది అధికారి అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఇంకో చదరంలోంచి ఒకావిడ "ఆ రిపోర్టు రాసింది ఆవిడే" అంది. అవతలి ఒడ్డక్క గొంతు వినడం అదే మొదలు. నేననుకున్నదానికంటే గట్టి గొంతు.

పదకొండున్నరకు కబురొచ్చింది, ఏడు బస్తాలు దొరికాయని. ఇదంతా మనందరి కృషి అన్నారు సారు. నేను టిఫిన్ డబ్బా కింది నుంచి కాగితం తీసి, ఆయన బల్ల మీదే చదును చేసి సంతకం పెట్టాను. పెన్ను కూడా ఆయనదే.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వంటింట్లో కొత్త పిండి సంచి. మా ఆయన కత్తి కోసం సొరుగు వెతుకుతున్నారు. శిక్షణకి వెళ్తున్నానని చెప్పాను. "మరి ఇల్లు?" అన్నారు. నేను సొరుగు మూసేసి, సంచి ఆయన ముందుకు జరిపి, సరైన కొస చూసి ఆయన వేళ్లలో పెట్టాను.

"నాలుగు దేశాలకి నేర్పడానికి వెళ్తున్నాను. ముందు మీకు నేర్పుతాను. ఊఁ, లాగండి."