వట్టి స్పిరిట్ పళ్ళెం

నేను ఒక గాజు పళ్ళేన్ని. కాలేజీ వాళ్ళు పెట్రీ డిష్ అంటారు. ఆ పొద్దున మబ్బులు కురవనూ లేదు, పోనూ లేదు. కిటికీలోంచి నా మీద వెలుగు పడుతూ పోతూ ఉంది. నా బతుకులోనూ నిలకడ లేదు. కొలిమిలో పుట్టి, గడ్డిలో చుట్టుకుని, అట్టపెట్టెలో ఇక్కడికి వచ్చాను. కుక్కర్‌లో ఉడికిస్తారు, జెల్లీ పోస్తారు, దాని మీద చర్మానికి తామర తెచ్చే బూజు పూస్తారు, మళ్ళీ ఉడికించి కడుగుతారు. ఎన్నో చేతులు మారాను, పని మారలేదు. మందు వెతకాలంటే మనుషులు ముందు రోగాన్ని మేపాలి. ఆ మేత పళ్ళెం నేను.

అక్కడ చదివే మణిమాల నా అంచుకు ‘వట్టి స్పిరిట్’ అని చీటీ అంటించింది. ఆమె తాత కూర్మయ్య ఒక ఆకుతో నలభై ఏళ్ళుగా ఊళ్ళో తామర మాన్పుతున్నాడు. ఆ ఆకును స్పిరిట్‌లో నానబెట్టి, ఆ రసంలో ముంచిన కాగితం బిళ్ళను పక్క పళ్ళెంలో పెట్టింది. నాకు ఆకు లేని బిళ్ళ. ఏమీ జరగకుండా ఉండటమే నా ఉద్యోగం.

వారానికి పక్క పళ్ళెంలో బిళ్ళ చుట్టూ బూజు ఎక్కని గుండ్రం తేలింది. ఆమె సంబరపడి తాతకు కబురంపింది. ఆ తర్వాతే నన్ను చూసింది. నాలోనూ అంతే గుండ్రం.

మర్నాడే సారుకు చూపించాలి. నన్ను ఉడికించాలన్న సంగతి కూడా మరిచి పంపు కిందికి తీసుకెళ్ళింది. నీళ్ళు తిప్పితే నా సాక్ష్యం పోతుంది. చెయ్యి పంపు మీదే ఆగిపోయింది. అప్పుడే క్యారేజీతో తాత వచ్చాడు.

“అదేటమ్మీ, దాంట్లోనూ గుండ్రముంది?”

“ఇందులో నీ ఆకు లేదు తాతా. వట్టి స్పిరిట్.”

ఆయన వంగి నా బిళ్ళను చూశాడు. “బిళ్ళ ఆరబెట్టినావా?”

“లేదు. తడిమీదే పెట్టీసినాను. ఆ స్పిరిట్ తడే బూజుని చంపీసినట్టుంది.”

“తడి తుడవకుండా నేనెప్పుడైనా పసరు రాసినానా? సదువుంది గానీ సూపు నేదు నీకు.”

“ఈసారి ఆరబెట్టి పెడితే, నీ ఆకుకి గుండ్రం రాకపోవచ్చు తాతా.”

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. తువ్వాలు తీసి మళ్ళీ భుజాన వేసుకున్నాడు.

“రాకపోతే ఊళ్ళో సెప్తాను. ఇంకెవులికీ పసరు రాయను. ముందు పుస్తకంలో రాసీ, తర్వాత కడుగు.”

ఆమె రాసింది. నన్ను కుక్కర్ పక్కన పెట్టి, కొత్త బిళ్ళలు ముంచి కిటికీ దగ్గర ఆరబెట్టింది. వరండాలో క్యారేజీ విప్పారు. అన్నం, ఎండుచేపల పులుసు. సగంలో ఆయన లేచి, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, కిటికీలోంచి వంగి బిళ్ళల వాసన చూశాడు. ఇంకా స్పిరిట్ ఆరలేదన్నట్టు అడ్డంగా తలూపి, వచ్చి కూర్చుని మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.