లైవ్‌లో ఇంటి మాట

చింతపండు అన్నం మూట కడుతుంటే మా అత్త చిన్నత్తాయి గడప మీద కూర్చుని మళ్ళీ అదే మాట అంది. "నా కొడుకు నిన్ని ఊరూరికీ తిప్పుతా ఉండాడు. మా కాలంలో పళని దాటి యాడికన్నా పోయినామా? నీకేమి కొరత?"

అబ్బే, నాకేం కొరత! తెల్లవారకముందే లేచి రెండు పూటలకు అన్నం కలిపి, పెరుగన్నం వేరే కట్టి, పోయిన ప్రయాణంలో ఆయన విడిచిన చొక్కాలు ఉతికి, ఆరనివాటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి, అన్నీ రెండు సంచుల్లో కూరి, బరువు సంచి నేను భుజాన వేసుకుంటాను. మా ఆయన వసంతకుమార్ ఫోను పట్టుకుని ముందు నడుస్తాడు. ఆయన చేతులు ఖాళీగా ఉండాలి. వీడియో తీయాలి కదా.

కోయంబత్తూరు పక్కన సూలూరులో ఇద్దరం ఒకే మిల్లులో పనిచేస్తాం. సెలవు దొరికితే చాలు, రైలెక్కుతాం. రామేశ్వరం, తెన్‌కాశి, నాగర్‌కోయిల్, పాలక్కాడు, అన్నీ జనరల్ బోగీలోనే. తక్కువ ఖర్చుతో దక్షిణాది చుట్టే జంట అని యూట్యూబులో మాకు పేరు. ఇంత చవకగా ఎలా అన్నా అని జనం అడిగితే, అంతా ప్లానింగే అంటాడు. ఆ ప్లానింగ్ నేనే. రైలు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేది నేను. పట్టాక ఆ కిటికీ పక్కన కూర్చునేది ఆయన. లాడ్జీ దండగని స్టేషన్‌లో ఆయన నేలమీద పడుకుంటే, సంచులకు కాపలా నేను. తెన్‌కాశిలో నెలసరి వచ్చి కడుపు మెలిపెడుతుంటే ఈ ఒక్కసారికి గది తీసుకుందామని బతిమాలాను. గది తీస్తే ఇక చవక ప్రయాణమెట్లా అవుతుందన్నాడు. ఆరోజు నేను ప్లాట్‌ఫారం మీద నోరు తెరుచుకుని నిద్రపోతే, దాన్నీ తీసి గురకతో సహా వీడియోలో పెట్టాడు. మిల్లులో అందరూ చూశారు. నా పక్క మిషన్ దగ్గరుండే జెనిఫర్ ఒక్కతే నవ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంకొకటుంది. మేం తెలుగువాళ్ళం. ఎప్పుడో తాతముత్తాతలు వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. బడీ, బజారూ, ఆయన వీడియోలూ అన్నీ తమిళమే. తెలుగు మాకు ఇంటి మాట, గుమ్మం లోపలి మాట. కెమెరా ముందు ఆయన జనంతో తియ్యటి తమిళం మాట్లాడతాడు. మధ్యమధ్యలో నావైపు తిరిగి, ఆ నవ్వు చెరగకుండానే, ఇంటి మాటలో తిడతాడు. చూసేవాళ్ళకు తెలుగు రాదు. నవ్వు ఒక్కటే కనబడుతుంది. అన్నా, అక్కతో ముద్దుగా ఏం చెప్పారని అడుగుతారు. ఆకలేస్తోందా అని అడిగానంటాడు. నేను తల ఊపాలి. పెళ్ళయినప్పటినుంచీ నా ఉద్యోగం అదే.

ఈరోజు కోయంబత్తూరునుంచి మదురైకి బయల్దేరాం. పళని దాటాక లైవ్ పెట్టి, ఇద్దరం కనబడేలా చెయ్యి చాచి పట్టుకోమని ఫోను నాకిచ్చాడు. మూట విప్పి, ఈ చింతపండు అన్నం పొద్దున్నే లేచి తనే చేశానని తమిళంలో చెప్పాడు. వెంటనే నావైపు తిరిగి నవ్వాడు.

"తల ఊపు. ముందు మూతి తుడుసుకోయే, అడుక్కునేదాని మాదిరి ఉండావు. నీ మొహం చూసే జనం పారిపోతా ఉండారు."

ఏమన్నారన్నా అని ఎవరో రాశారు. అలిసిపోయావా బంగారం అని అడిగానన్నాడు.

నేను తల ఊపలేదు. ఆయన గొంతే పెట్టి, అంత తియ్యగానూ తమిళంలో చెప్పాను. బంగారం అనలేదండీ, అడుక్కునేదానిలా ఉన్నానన్నారు. నా మొహం చూసే జనం పారిపోతున్నారట. అన్నం చేసింది నేను. ఆయన చేశారని తల ఊపమన్నారు. ఇన్నాళ్ళూ మీరు ముద్దనుకున్నవన్నీ ఇలాంటివే.

ఎదురు సీటులో వేరుశెనక్కాయలు ఒలుస్తున్న పెద్దావిడ చెయ్యి ఆగిపోయింది. ఆయన జోకు విన్నట్టు నవ్వాడు. నవ్వుతూనే పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

"ఫోను ఆపే. ఇంటికి పోయినాక నీ తోలు తీస్తాను."

అదీ చెప్పాను. తోలు తీస్తారట అని, మాట పొల్లు పోకుండా.

అప్పుడు అర్థమైంది ఆయనకు. తమిళంలో తిడితే ఊరంతా వింటుంది. ఇంటి మాటలో తిడితే నేను వినిపిస్తాను. ఎంత చక్కగా ఇరుక్కున్నాడో! చూసేవాళ్ళ అంకె పెరిగిపోతోంది. ఆయన ఎప్పుడూ కోరుకునేది అదే.

ఫోను లాక్కోవాలని లేచి నామీదికి వంగాడు. పెద్దావిడ చెయ్యి అడ్డం పెట్టి, ఉండు తంబీ, ఆ పిల్లను చెప్పనీ అంది. ఆ సందులో నేను జరిగి కిటికీ పక్కన కూర్చున్నాను. నా చోట్లో, ఉడుమలైపేటలో ఎక్కినప్పటినుంచీ నిలబడే ఉన్న ఒకాయన కూలబడ్డాడు. జనరల్ బోగీలో లేచినవాడి సీటు లేచినవాడిది కాదు. ఆ సంగతి తన వీడియోల్లో అందరికీ నేర్పిందీ ఆయనే.

నా కడుపు చల్లబడింది. బరువు సంచి ఎత్తి ఆయన చేతికిచ్చాను. గాలి మొహానికి కొడుతుంటే మూట ఒళ్ళో పెట్టుకుని ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. రెండో చేత్తో ఫోను ఆయన మొహంవైపు తిప్పాను. నిలబడి, సంచి మోస్తూ, నన్నే చూస్తున్నాడు.

"చెప్పు మామా," అన్నాను ఇంటి మాటలో, నవ్వుతూ. "మదురై ఇంకా దూరం ఉండాది. అందురూ కాచుకోని ఉండారు."