కళ్ళు మూసుకునే పీరియడ్

సోమవారం పొద్దున మా అమ్మాయి యశస్వినికి జడ వేస్తున్నాను. మా ఆయన ఫోనులో దాని వారం పరీక్ష మార్కులు చూసి, "సి సెక్షన్‌కి దిగావుగా. గేదెల్ని కొనిస్తా, కాసుకో" అన్నారు. అది ఏడవలేదు. స్కూల్లో నేను నేర్పినట్టే కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదిలింది. మునుపట్లా ఎదురు మాటలు లేవని, నా క్లాసు బాగా పనిచేస్తోందని ఆయన మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయమేసింది.

జగ్గయ్యపేట నుంచి ఇద్దరం బస్సులో నందిగామ వెళ్తాం. అది ఎనిమిదో తరగతి చదివే స్కూల్లోనే నేను తెలుగు టీచర్ని. అక్కడ ప్రతి సోమవారం మార్కుల్ని బట్టి పిల్లలు సెక్షన్లు మారాలి. అందరూ చూస్తుండగా ఎవరి బ్యాగు వాళ్ళు మోసుకుని వేరే గదికి వెళ్ళాలి. వరండా అంతా ఏడుపులు. అవి ఆపడానికే కరస్పాండెంట్ వరప్రసాదరావుగారు నన్ను విజయవాడ ట్రైనింగుకి పంపి, సెక్షన్లు మారే ముందు కళ్ళు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టే మైండ్‌ఫుల్‌నెస్ పీరియడ్ నాచేత పెట్టించారు. జీతం మాత్రం పెంచలేదు. ఆడవాళ్ళకి ఓర్పు పుట్టుకతో వస్తుందట.

ఆ రోజు కరస్పాండెంట్‌గారు నన్ను గేటు దగ్గరే ఆపారు.

"పేరెంట్స్ నుంచి ఒక్క కంప్లైంటూ లేదు మేడమ్. ఇకనించి రోజూ టెస్టు పెట్టి, రోజూ సెక్షన్లు మారుద్దామండి. మీ పీరియడ్ ఉందిగా."

హాలు వైపు నడుస్తుంటే నా పాత రోజులు గుర్తొచ్చాయి. పెళ్ళైన కొత్తలో అత్తగారు నలుగురి ముందు నా వంటని తీసిపారేస్తే, నేను గోడవైపు తిరిగి గిన్నెలు సర్దుకునేదాన్ని. మా కోడలికి నోట్లో నాలుక లేదని ఆవిడ మురిసిపోయేది. సిగ్గులేకుండా నేనూ మురిసిపోయాను. ఇన్నేళ్ళూ ఏ మాటనైనా అలాగే మింగాను. ఆ మింగడాన్నే ఇప్పుడు ప్రశాంతత అని పేరుపెట్టి పిల్లలకి నేర్పుతున్నాను. నామీద నాకే అసహ్యమేసింది.

హాల్లోకి వెళ్ళేసరికే, నేను చెప్పకముందే, పిల్లలందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వరప్రసాదరావుగారు గుమ్మంలో నవ్వుతూ నిలబడ్డారు. ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా గట్టిగానే అన్నాను.

"ఇవాళ ఎవరూ సెక్షన్ మారొద్దు. కళ్ళు తెరవండి. బాధగా ఉంటే ఏడవండి. కోపమొస్తే అరవండి."

ఒక్కరూ తెరవలేదు. పరిగెత్తుకెళ్ళి యశస్విని భుజాలు పట్టుకుని కుదిపాను. ఏడవమ్మా, నేనున్నానన్నాను. అది కళ్ళు తెరవకుండానే నా చేతులు మెల్లగా తీసేసింది.

"నాకేమీ అనిపించట్లేదమ్మా" అంది.