నలభై ఎనిమిది అంగలు

పుస్తకాలమ్మ సమాధుల పుస్తకం అట్టను సున్నం కుంచెతో దులుపుతూ, “ఒక్క రోజు కనిపెట్టి ఉండకపోతే చాలు, ముసుగు తన్ని పడుకుంటావు” అని దాన్ని మందలించింది. ఆమె పుస్తకాలతో మాట్లాడుతుంది. మనుషులతో మాట్లాడేది తక్కువ, ఆ లోటు ఎక్కడో ఒకచోట తీరాలి కదా! ముందు కుంచెతో అట్ట, తర్వాత మెత్తటి గుడ్డతో వీపు, ఆపైన పుటల మధ్య వేలు పెట్టి పురుగు పట్టిందేమోనని చూడటం. రోజూ పొద్దున తొమ్మిది నుంచి పది దాకా ఇదే పని. చర్చి వెనక ఉన్న ఆ గదికి ఒక్కటే కిటికీ. ఒక బల్ల, మూడు బీరువాలు, రెండు కుర్చీలు. రెండో కుర్చీ వచ్చేవాళ్ళ కోసం. అందులో కూర్చున్నవాళ్ళు ఎక్కువగా ఏడుస్తారు కాబట్టి, దాని ముందు ఎప్పుడూ ఒక గ్లాసు మంచినీళ్ళు మూతపెట్టి ఉంచుతుంది.

అరవై ఏడేళ్ళ మనిషి. పొట్టి. మెడలో దారానికి కళ్ళజోడు, కుడిచేతి చూపుడు వేలికి ఎన్ని సబ్బులు అరగదీసినా పోని నీలం సిరా మరక. ఒకప్పుడు ఒక సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక ఈ ఉద్యోగం మానేస్తావా అని అబ్బాయి అడిగితే ఆలోచించి చెబుతానంది. అబ్బాయి తాతయ్యాడు, ఈవిడ ఇంకా ఆలోచిస్తూనే ఉంది.

మొదటి బీరువాలో చర్చి పుస్తకాలు: పుట్టినవాళ్ళు, పెళ్ళయినవాళ్ళు, పోయినవాళ్ళు. రెండో దాంట్లో సమాధుల తోట పుస్తకాలు. మూడో దాంట్లో లాడ్జివి. లాడ్జి అనగానే గదులు అద్దెకిచ్చే చోటు అనుకునేరు. ఇటుక బట్టీల కార్మికులు ఒకప్పుడు నడుపుకున్న సహాయ సంఘం అది. ఎవరింట్లో ఎవరు పోయినా పెట్టె మోయడానికి నలుగురిని పంపడం, ఆ నలుగురి పేర్లూ పుస్తకంలో ఎక్కించడం దాని ఆనవాయితీ. బట్టీలు మూతపడ్డాయి, లాడ్జీ మూతపడింది, పుస్తకాలు మాత్రం దిక్కులేనివాళ్ళలా వచ్చి ఈమె పంచన చేరాయి. తాతముత్తాతల జాడ వెతుక్కుంటూ ఎవరొచ్చినా ఈ మూడు బీరువాల చుట్టూ తిప్పి, చివరికి వాళ్ళ మనిషి ఉన్న చోట తీసుకెళ్ళి నిలబెట్టడం పుస్తకాలమ్మ పని. ఇంతవరకూ ఎవర్నీ వట్టి చేతులతో పంపలేదని ఆమెకు లోలోపల గర్వం. ఆ మాత్రం గర్వం ఉండకూడదా మనిషికి?

పదిన్నరకు ఒక ముసలాయన, యాభై ఏళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. ఎనభై ఒకటి దాటిన దర్జీ. మెడలో కొలత టేపు వేలాడుతూనే ఉంది.

“ప్రయాణంలో కూడా తియ్యడండీ. అది లేకపోతే చలేస్తుందట” అంది కూతురు.

“ఊరుకోవే” అని ఆయన కుర్చీలో కూలబడి, వచ్చిన పని చెప్పాడు. ఆయన ఆరేళ్ళవాడిగా ఉండగా తల్లి పోయింది. తండ్రి బట్టీలో ఇటుకలు మోసేవాడు. పాతిపెట్టిన మర్నాడే అత్త పిల్లాడిని దూరం తీసుకుపోయింది. తర్వాత తండ్రీ పోయాడు. అత్త నోటివెంట ఎప్పుడూ ‘మీ అమ్మ’ అనే మాటే తప్ప పేరు రాలేదు.

“అమ్మ పేరు తెలీకుండా డెబ్బై అయిదేళ్ళు బతికానమ్మా. సిగ్గుచేటు. ఎక్కడుందో చూపిస్తే ఒక్కసారి ఆ మట్టి మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోతాను. మళ్ళీ వచ్చే ఓపిక లేదు.”

పుస్తకాలమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ముందు లాడ్జి పుస్తకం తీసింది. తండ్రి పేరు పట్టుకుని నాలుగేళ్ళ పుటలు తిప్పాక దొరికింది: సభ్యుని భార్య, వానాకాలం, మోసిన నలుగురి పేర్లు, వాళ్ళలో ఒకడికి కాలు బెణికిందన్న సంగతి కూడా. ఆ తేదీ పట్టుకుని చర్చి పుస్తకం తెరిచింది. పేరు అక్కడుంది. చదివి వినిపించింది. ముసలాయన ఆ పేరును కొత్త బట్టను వేళ్ళతో తడిమి చూసినట్టు రెండుసార్లు మెల్లగా పలికాడు.

“వయసు ఇరవై ఆరు” అని పుస్తకాలమ్మ ముగించింది.

“అయ్యో, మా నాయనమ్మ నాకంటే చిన్నదా!” అంది కూతురు. ఆ మాటకు ముసలాయన నీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

చివరికి సమాధుల పుస్తకం. అది పుస్తకాలమ్మ తండ్రి చేతిరాత. ఆయన ఆ తోటకు కావలిమనిషి, తవ్వేవాడు, రాసేవాడు, అన్నీ ఆయనే. రాయి పెట్టించుకోగలిగినవాళ్ళకు రాయే గుర్తు. రాయి లేని పేదవాళ్ళకు మాత్రం ఆయన అంగలు వేసి లెక్క రాసేవాడు: ‘గేటు కుడి స్తంభం నుంచి గోడ వెంట 48 అంగలు. లోపలికి 12.’

పుస్తకాలమ్మ తోట గేటు స్తంభానికి మడమ ఆనించి నడక మొదలుపెట్టింది, పెదవులు కదుపుతూ. తండ్రీకూతుళ్ళు వెనకే నడిచారు. నలభై ఎనిమిది దగ్గర లోపలికి తిరిగి, పన్నెండు వేసి, గడ్డి మొలిచిన చదును నేల మీద ఆగింది. ఎప్పుడూ అనే మాటే అంది: “ఇదిగోండి, మీవాళ్ళు.”

ముసలాయన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రెండు చేతులూ నేలకు ఆనించి, ఆరేళ్ళ పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత జేబులోంచి తెల్లటి రుమాలు తీశాడు. నాలుగంచులా చేత్తో కుట్టిన సన్నటి పువ్వులు. “రవికె కుడదామనుకున్నా. కొలతలు తెలియవు. అందుకే రుమాలు” అని, దాన్ని గడ్డి మీద పరిచి పైన గులకరాయి పెట్టాడు. లేచి చుట్టూ చూశాడు.

“ఇక్కడొక రాతి తొట్టి ఉండాలమ్మా. మా అమ్మ పక్కనే. అందులో కాళ్ళు పెట్టి అత్త చేతిలో దెబ్బలు తిన్నాను.”

“పాతవన్నీ ఎప్పుడో తీసేశారండీ” అంది పుస్తకాలమ్మ. ఇలాంటి వాటికి ఆమె దగ్గర తడుముకోని జవాబులు ఉంటాయి.

అయిదింటికి బస్సు. ఈలోగా ఏదైనా తిని, బస్టాండులో కాసేపు నడుం వాలుస్తామని వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు ముసలాయన ఆమె రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

ఆమె గదికి వచ్చి అన్నం డబ్బా విప్పింది. తొట్టి. తీసేశారని అనేసింది. ఎవరు తీశారు? ఎప్పుడు? ఈ తోటలో గడ్డిపరక తీసినా ఆమెకు తెలియాలి. డబ్బా మూసి, చెప్పులేసుకుని మళ్ళీ బయల్దేరింది.

తొట్టి ఎక్కడికీ పోలేదు. గోడ పొడవునా ఇంకా ముందుకు, రుమాలు పరిచిన చోటికి చాలా అవతల, తీగల గుబురు కింద రాతి అంచు చేతికి తగిలింది.

నాన్న పుస్తకంలో తప్పుండదు. అది ఆమెకు తెలుసు. మరి తప్పు ఎక్కడుంది? నాన్న తాటిచెట్టంత మనిషి. చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని ఈ గోడ వెంటే నడిచేది. ఆయన ఒకటి అనేసరికి తనవి రెండయ్యేవి. ‘పరిగెత్తకే పిచ్చిదానా, నేనే ఆగుతాగా’ అనేవాడు. ఆగేవాడు కూడా. చివరి రోజుల్లో మోకాళ్ళు పట్టేసి ఆయన మూల కూర్చున్నాక లెక్కలు వేసింది, రాసింది తనే. అవి తన అంగలు. కానీ అంతకుముందు రాసినవన్నీ ఆయనవి. ఆయన పోయి ఇరవై తొమ్మిదేళ్ళు. ఇరవై తొమ్మిదేళ్ళుగా నాన్న లెక్కను తన పొట్టి కాళ్ళతో కొలుస్తోంది!

ఎందుకైనా మంచిదని రుజువు చూసుకుంది. అమ్మ సమాధికి రాయి ఉంది. పుస్తకంలో నాన్న రాసిన లెక్క కూడా ఉంది: గోడ వెంట 24. స్తంభం నుంచి ఇరవై నాలుగు వేసి ఆగింది. అమ్మ రాయి ఇంకా ముందుంది. ముప్పై మూడో అంగకు గానీ దాని సరసకు చేరలేదు. ప్రతి ఆదివారం వస్తూనే ఉందే, ఎలా తెలియలేదు? అమ్మ దగ్గరికి ఎవరైనా అంగలు లెక్కపెట్టుకుంటూ వెళతారా?

అక్కడే అమ్మ రాయి పక్కన చతికిలబడింది. రాయి లేని సమాధుల కోసం తన దగ్గరికి వచ్చినవాళ్ళు ఎంతమంది! అందర్నీ ఇంకెవరి దగ్గరో ఏడిపించి పంపింది. ఇప్పుడు ఈ ముసలాయన. మళ్ళీ రాలేని మనిషి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? తృప్తిగా వెళుతున్నాడు. ఆ తృప్తి చెడగొట్టడం పాపం కాదూ? కాసేపు అలాగే తనకు తాను నచ్చజెప్పుకుంది. ఎంత చెప్పుకున్నా, తల్లి కేకేస్తే వినిపించేంత దూరంలో ఉండగా ఆయన పరాయి మట్టి తడిమాడన్న ఊహ వదల్లేదు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోకపోయినా చెప్పాల్సిందే అనుకుని లేచింది.

పుస్తకాలు కట్టే పురికొస ఉండ తెచ్చింది. ఒక కొస స్తంభానికి కట్టి, అమ్మ రాయి సరసకు లాగి తెంపింది. ఇరవై నాలుగు అంగల పొడవు. దాన్ని సగానికి మడిచింది, మళ్ళీ సగానికి, మళ్ళీ సగానికి. మూడు అంగలు మిగిలింది. దాన్ని మూడు మడతలు పెట్టింది. చేతిలో మిగిలిన ఆ ముక్క నాన్న ఒక్క అంగ. ఎంత పెద్దదో! విరిగిన చీపురు కర్రను ఆ కొలతకు కోసింది. స్తంభం దగ్గర్నుంచి వంగి, కర్రను నేల మీద తిప్పుకుంటూ, నలభై ఎనిమిది, లోపలికి పన్నెండు. నడుము విరిగిపోయినంత పనైంది. తల ఎత్తితే రాతి తొట్టి పక్కనే ఉంది.

నాలుగుంబావుకు కర్రతో సహా బస్టాండుకు చేరింది. తండ్రీకూతుళ్ళు బెంచీ మీద బన్ను తింటున్నారు.

“అన్నయ్యగారూ, నేను మిమ్మల్ని తప్పు చోటికి తీసుకెళ్ళాను” అంది. ఆపకుండా అంతా చెప్పింది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమె భయం.

కూతురికి చర్రున కోపం వచ్చింది. “ఇదేం పనండీ! పెద్దాయన్ని పట్టుకుని... గుండె ఆగిపోతే ఎవరిది పూచీ? ఇన్నేళ్ళ నుంచి ఇదేనా మీరు చేస్తున్నది?”

“ఇదేనమ్మా” అంది పుస్తకాలమ్మ. కళ్ళనీళ్ళు తుడుచుకోలేదు.

ముసలాయన ఆమె చేతిలోని కర్ర తీసుకున్నాడు. మెడలో టేపు తీసి కొలిచాడు. “ముప్పై నాలుగు అంగుళాలు. అమ్మో, మీ నాన్నకి ప్యాంటు కుట్టాలంటే దర్జీ దివాలా తీసేవాడు” అన్నాడు. తర్వాత కూతురివైపు తిరిగాడు. “కత్తిరింపు తప్పితే మనిషి ఇల్లు చేరకముందే చెప్పాలే. నేను చెప్పనివి కొన్నున్నాయి. ఇప్పటికీ నిద్రపట్టదు. తర్వాత బస్సు ఎన్నింటికి?”

“ఏడింటికి” అంది కూతురు, ఇంకా ముఖం ముడుచుకునే.

తీగలు ముగ్గురూ కలిసి పీకారు. తొట్టి ఎండిపోయి, అడుగున ఆకులతో బయటపడింది. ముసలాయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. కూతురి భుజం పట్టుకుని చెప్పులు విడిచి, ఒక కాలు, తర్వాత రెండో కాలు అందులో పెట్టాడు. “ఇప్పుడు కొట్టవే అత్తా” అని పకపకా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే దిగి, పక్కనున్న నేల మీద చెంప ఆనించి పడుకున్నాడు. ఈసారి ఏడవలేదు. తల్లి పేరు పలికాడు.

“ఆ రుమాలు తెచ్చి ఇక్కడ పెట్టనా నాన్నా?” అని కూతురు మెల్లగా అడిగింది.

“వద్దు. ఇచ్చింది వెనక్కి తీసుకుంటే బావుండదు. ఆవిడెవరో, ఆవిడ కోసం ఎవరొచ్చారో. ఇంకోటి కుట్టి పోస్టులో పంపిస్తాలే. చెల్లెమ్మా, పెట్టేస్తావు కదూ?”

“పెడతానన్నయ్యా” అంది పుస్తకాలమ్మ.

పెట్టింది కూడా. ఆ ఏడాదంతా ఆమెకు అదే పని. వచ్చినవాళ్ళు సంతకాలు చేసే పుస్తకంలోంచి ఇరవై ఆరు చిరునామాలు ఏరింది. ఇరవై ఆరు ఉత్తరాలు రాసింది: ‘నేను చూపించినది తప్పు. క్షమించి మళ్ళీ రండి.’ మూడు తిరిగొచ్చాయి. పద్నాలుగు మంది వచ్చారు. పదకొండేళ్ళుగా పూలమొక్కలకు నీళ్ళు పోస్తున్న ఒకాయన ఆమెను నానా మాటలూ అని, తిట్టి తిట్టి అలిసిపోయి, మొక్కల్ని అక్కడే వదిలేసి కొత్త చోట వేరే మొక్కలు నాటి వెళ్ళాడు. తిడుతున్నంతసేపూ ఆమె నీళ్ళ డబ్బా పట్టుకుని పక్కనే నిలబడింది. మిగిలినవాళ్ళ జవాబు కోసం రోజూ పోస్టు వేళకు గుమ్మంలోకి వచ్చేది.

మళ్ళీ వానలు మొదలైన వారం, ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక కుర్చీలో కాస్త కునుకు తీద్దామని కళ్ళు మూసుకుంది. నాలుగింటికి పోస్టుమాన్ వచ్చి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేదు.

అమ్మకు, నాన్నకు పక్కనే ఆమెకూ చోటు దొరికింది. ఆమె దగ్గర ఆర్నెల్లుగా పని నేర్చుకుంటున్న కొత్త గుమాస్తా, పాతికేళ్ళ అమ్మాయి, సమాధుల పుస్తకంలో ఎక్కించడానికి బయటికి వచ్చింది. గదిలో మంచి ఇనుప టేపు ఉంది. దాన్ని తీసి, మళ్ళీ సొరుగులోనే పెట్టింది. వాన వెలిసిన బురదలో స్తంభం దగ్గర్నుంచి వంగి, కర్రను తిప్పుకుంటూ వెళ్ళి, ‘గోడ వెంట 24. లోపలికి 9’ అని రాసుకుంది. కర్రను గేటు దగ్గర నిలబెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

స్తంభానికి ఆనించిన ఆ చీపురు కర్ర మీద, బురద అంటని పై భాగాన, గుండ్రటి నీలం సిరా అక్షరాలు ఉన్నాయి: ‘ఇది నాన్న అంగ. ఎవరూ పారేయకండి.’