ఎర్రగీత మీది ముల్లు

నేను ఒక వేడి మీటరును. పాత జీపు డ్యాష్‌బోర్డు మీద, అరచేతిలో పట్టేంత గుండ్రటి అద్దం వెనక ఉంటాను. నాకున్నది ఒక్క తెల్ల ముల్లు. ఇంజను చల్లగా ఉంటే అది ఎడమకి ఒరుగుతుంది. కాగుతుంటే కుడికి జరుగుతుంది. మరిగిపోతుంటే ఎర్రగీత మీద నిలబడుతుంది. ఇంజను ఎందుకు మరుగుతోందో మాత్రం నాకు తెలియదు, తెలుసని ఏనాడూ చెప్పుకోలేదు. ఈ ఒక్క గుణం చాలు, నేను మనుషుల కన్నా మెరుగని అనుకోవడానికి.

నన్ను తయారుచేసిన చోట ఒకావిడ నా వైరు కొసనున్న ఇత్తడి ముక్కని మరిగే నీళ్ళలో ముంచి, ముల్లు ఎంతవరకు లేచిందో వంగి చూసి, తృప్తిగా తలూపి పెట్టెలో పెట్టింది. అంత శ్రద్ధగా నన్ను చూసినవాళ్ళు ఆ తర్వాత లేరు. మొదట ఒక సర్వే ఆఫీసరు జీపులో కుదిరాను. ఆయన నా అద్దంలో మీసం సర్దుకునేవాడు. వేలంలో ఆ జీపును కొన్న కాంట్రాక్టరు ఇంజనుకి దిష్టి తగలకూడదని నా ముఖానికి అడ్డంగా నిమ్మకాయ కట్టాడు. ఇంజను ఎలా ఉందో చెప్పేదాన్ని కప్పేసి ఇంజనును కాపాడుకోవాలనుకున్నాడు!

చివరికి అనంతగిరి కొండల్లోకి వచ్చిపడ్డాను. అక్కడ బొంజుబాబు, అతని బావమరిది త్రినాథ్ ఇద్దరూ కలిసి జీపును కొన్నారు. టూరిస్టులను రాళ్ళదారిలో జలపాతం దాకా ఎక్కించి దించడం వాళ్ళ పని. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు నడిపేవారు. బొంజుబాబు నిదానస్తుడు, మలుపు మలుపుకీ నా వైపు చూసేవాడు. త్రినాథ్ వెనక సీట్లో నవ్వే ఆడపిల్లలను అద్దంలో చూసేవాడు.

ఒక ఎండాకాలం నుంచి, నిటారుగా ఎక్కే చోట నా ముల్లు ఎర్రగీత తాకడం మొదలైంది. దిగేటప్పుడు దానంతటదే వెనక్కి వచ్చేది. కొండ కిందున్న ఎస్.కోట నుంచి బండ్ల మేస్త్రి గౌరీసును పిలిపించారు. షెడ్డులో, చదును నేల మీద, ఇంజనును మెల్లగా తిప్పుతూ అతను పరీక్ష చేశాడు. కొండెక్కితేనే వచ్చే జబ్బును చదును మీద వెతికే తెలివిని ఏమనాలి? ముందు, వేడిని బట్టి నీళ్ళను ఆపి వదిలే థర్మోస్టాట్‌ను పీకి పారేశాడు. తర్వాత రేడియేటర్ విప్పి కడిగాడు. నీళ్ళ పంపు మార్చాడు. ప్రతిసారీ "ఇంక డోకా నేదు" అన్నాడు. ప్రతిసారీ అదే మలుపులో నా ముల్లు లేచింది.

జబ్బు దొరకకపోయేసరికి బావా బావమరుదులు ఒకరినొకరు అనుకోసాగారు.

"నువ్వు గేరు మార్చకుండా తొక్కేత్తావు. ఇంజను కాగకేటి సేత్తాది?" అనేవాడు బొంజుబాబు.

"నువ్వు నీళ్ళు సరిగ్గా పొయ్యవు. పైగా నన్నంతావేటి?" అనేవాడు త్రినాథ్.

ఒక మధ్యాహ్నం, ముల్లు ఎర్రగీత మీదుండగా చూసి ఒక కుటుంబం భయపడి దిగిపోయింది. ఆ కోపంలో త్రినాథ్ నేరుగా గౌరీసు దగ్గరికి పోయాడు. గౌరీసుకి కొత్త జ్ఞానోదయం అయింది. "ఇంజను బాగానే ఉందిరా, మీటరే పాడైపోనాది" అన్నాడు. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి నా వైరు పీకి, కొసకి టేపు చుట్టాడు. నా ముల్లు ఎడమకి వాలిపోయింది. పుట్టిన దగ్గర్నుంచి అబద్ధం చెప్పని నా చేత అబద్ధం చెప్పించారు. త్రినాథ్ ఆ సంగతి బావకి చెప్పలేదు.

మర్నాడు పొద్దున బొంజుబాబు ఎక్కాడు. కొండ సగంలో జీపు బలం చచ్చి ఈడ్చుకుంటూ పోసాగింది. అతను నా వైపు చూశాడు. నేను చల్లగా ఉందని చూపిస్తున్నాను. నీళ్ళు తగ్గాయేమో చూద్దామని దిగి, బానెట్ ఎత్తి, నా మాట నమ్మి రేడియేటర్ మూత తిప్పాడు.

ఆ కేక నాకు బానెట్ వెనక నుంచి వినిపించింది. కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఉడికిపోయింది.

కట్టు కట్టించుకుని వచ్చాక అతను డ్యాష్‌బోర్డు కింద వెతికి వైరు పట్టుకున్నాడు. బావమరిదిని పిలిచాడు.

"తెగిపోనేదురా ఇది. టేపు సుట్టీసుంది."

"నానే పీకించినాను. జనం దిగిపోతన్నారని…"

"ఒక్క మాట సెప్పుంటే మూత ముట్టుకుందునా?"

ఆ తర్వాత వాళ్ళ మధ్య మాటలు లేవు. జీపును అమ్మేసి ఎవరి దారి వాళ్ళు చూసుకుందామని ఇద్దరూ వేర్వేరుగా జమునకే చెప్పారు. జమున ఒకడికి పెళ్ళాం, ఒకడికి అక్క. ఆమె వాకిట్లో నిలబెట్టి ఇద్దరినీ కడిగేసింది.

"అమ్ముకోండి, నాకేటి? కానీ రోగం దాసి అమ్మితే ఇంకోడి సెయ్యి కాలతాది. ఆ వైరు తగిలించి, ఇద్దరూ పైకెల్లి, ఎక్కడ కాగతందో తేల్సుకొని రండి. అందాకా ఈ ఇంట్లో మీకు కూడు నేదు."

అలా వెళ్ళారు. కాలిన చెయ్యితో బొంజుబాబు నడపలేడు కాబట్టి త్రినాథ్ స్టీరింగు పట్టాడు. ఇద్దరూ చెరో వైపు చూస్తూ కూర్చున్నారు. నేను మళ్ళీ ఉన్నది ఉన్నట్టు చూపించాను. నిటారు మలుపు దగ్గర ముల్లు ఎర్రగీత తాకింది. త్రినాథ్ బండి ఆపాడు. బొంజుబాబు దిగి చక్రానికి రాయి అడ్డం పెట్టి, ఎడమచేత్తో బానెట్ ఎత్తాడు. అంతవరకు ఎవరు నడిపితే వాడే ఇంజను ఆపి, వాడే దిగి చూసేవాడు. కొండ మీద, ఇంజను తిరుగుతుండగా బానెట్ ఎత్తడం అదే మొదటిసారి. అదేమీ తెలివితో చేసిన పని కాదు. ఇంజను ఆపమని అడగాలంటే మాట్లాడాలి కదా!

అయినా ఉండబట్టలేక, "ఆడు తొక్కే తొక్కుడికి కాగక సత్తాదా?" అని గాలిలోకి అన్నాడు బొంజుబాబు.

త్రినాథ్‌కి మండింది. "ఎంత తొక్కినాను? ఇదుగో, ఇంతే! ఇను!" అంటూ గేరు తీసి యాక్సిలేటర్ నొక్కిపట్టాడు. ఇంజను అరిచింది.

"ఒరే…" బానెట్ వెనక బొంజుబాబు గొంతు మారింది. "వదలకు. ఇంకాస్త తొక్కు."

"ఏటైంది?"

"కాలు తియ్యి… ఇప్పుడు మళ్ళీ తొక్కు. ఓరి నాయనో!"

త్రినాథ్ ఇంజను ఆపకుండానే దిగి పరిగెత్తాడు. చేత్తో యాక్సిలేటర్ తీగ లాగుతూ ఇద్దరూ తలలు కలిపి చూశారు. రేడియేటర్ కింది నుంచి పంపుకి పోయే రబ్బరు గొట్టం, ఇంజను వేగం పెరిగినప్పుడల్లా, పంపు పీల్చే జోరుకి చప్పబడి అతుక్కుపోతోంది. నీళ్ళు ఆగిపోతున్నాయి. వేగం తగ్గగానే ఏమీ ఎరగనట్టు గుండ్రంగా అయిపోతోంది. గొట్టం లోపల ఉండాల్సిన స్ప్రింగు తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. ఇన్ని నెలల రోగం అంతే. చిన్న గొట్టం.

బొంజుబాబు నవ్వడం మొదలుపెట్టాడు. త్రినాథ్ నవ్వబోయి, బావ చేతి కట్టు చూసి, మడ్‌గార్డు మీద తల ఆనించి ఏడ్చాడు. ఏడవడానికి కూడా కాలుతున్న రేకు మీదే తల పెట్టాడు, తెలివితక్కువ మనిషి.

జీపును అమ్మలేదు. కొత్త గొట్టం వేశాక చాలా ఏళ్ళు నా ముల్లు మధ్యలోనే నిలిచింది. నాకెవరూ కృతజ్ఞత చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు.

ఇప్పుడు ఇంజను లేదు. జీపును ఒక రిసార్టువాళ్ళు కొని, పసుపు రంగు వేసి, బానెట్‌లో బంతిమొక్కలు నాటి, ముంగిట్లో నిలబెట్టారు. ఎన్నడూ మట్టిదారి ఎక్కనివాళ్ళు స్టీరింగు పట్టుకుని వీరుల్లా ఫొటోలు దిగుతారు. నా ముల్లు ఎడమకి ఒరిగే ఉంటుంది. ఇంజను లేదు కాబట్టి అది అబద్ధం కూడా కాదు.

మొన్న బొంజుబాబు, త్రినాథ్ తమ కొత్త బండిలో టూరిస్టులను దింపడానికి వచ్చి నా ముందు నిలబడ్డారు. ఒకాయన బొంజుబాబు చెయ్యి చూసి, "అదేంటండీ, అంత మచ్చ?" అని అడిగాడు.

"రేడియేటర్ మూత తీసీసినానండి, బుద్ధి నేక" అన్నాడు బొంజుబాబు.

త్రినాథ్ నోరు విప్పుతాడేమోనని చూశాను. అతను క్యాంటీన్‌లోకి పోయి రెండు టీలు తెచ్చాడు. ఒక గ్లాసును కాసేపు ఊది, వేడి తగ్గిందో లేదో బుగ్గకి ఆనించి చూసుకుని, అప్పుడు బావకి అందించాడు.