ఆరేదాకా ఆగిన రంగు

పాప కళ్లు తెరవకముందే గది రంగు మారడం మొదలవుతుంది. ముందు బూడిద. తర్వాత పాలలో సిరా చుక్క పడ్డట్టు లేత నీలం. ఆపైన గోడ తన గోధుమరంగును నెమ్మదిగా గుర్తు తెచ్చుకుంటుంది. పెయింట్ల కొట్లో రంగులు కలిపే పని చేసే నాన్నకి ఈ వరస కంఠతా వచ్చు. అయినా రోజూ మోచేతి మీద ఒరిగి చూస్తూనే ఉంటాడు. చూసేది గోడని కాదు, పాప రెప్పల్ని. ఉబ్బాయా, లేదా అని.

నిద్రలో ఏ పిల్లల రెప్పలైనా కాస్త ఉబ్బే ఉంటాయి. వచ్చిన చిక్కల్లా అదే.

పాపకి రెండేళ్లు దాటాయి. మేనత్త ముద్దుగా పెట్టిన ‘బుడగ’ అన్న పేరే నిలిచిపోయింది. బుడగ కిడ్నీల్లోని జల్లెడ అప్పుడప్పుడూ పట్టు తప్పుతుంది. ఒంట్లో ఉండాల్సిన మాంసకృత్తులు మూత్రంలో జారిపోతాయి, పోవాల్సిన నీరు ఒంట్లో నిలిచిపోతుంది. ముఖం, కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి. తెల్ల మాత్రలు వేస్తే తగ్గుతుంది. కొన్నాళ్లు ఊరుకుని, ఏ జలుబో చేసినప్పుడు మళ్లీ తలుపు తడుతుంది. “చాలామందికి పెద్దవుతుంటే వదిలిపోతుంది. అందాకా చుట్టంలా వచ్చిపోతుంటుంది” అన్నాడు పిల్లల డాక్టరు.

“చుట్టమైతే వచ్చేముందు కబురు పెట్టదూ?” అంది మేనత్త, ఆయన ముందే.

కబురు కోసమే రోజూ పొద్దున్నే ఇంట్లో చేసే పరీక్ష. పాప మూత్రంలో సన్నటి అట్టముక్కని ముంచి, దాని కొసన ఉన్న గడి ఏ రంగుకి తిరిగిందో ఆ అట్టముక్కల డబ్బా మీది రంగుగళ్లతో పోల్చి చూడాలి. పసుపుగా ఉంటే మంచిది. ఆకుపచ్చకి తిరిగితే చెడ్డది. మూడు రోజులు వరసగా ఆకుపచ్చే వస్తే మాత్రలు మొదలుపెట్టాలి.

మాత్రలు మంచివే, బతికిస్తున్నవి అవే. కానీ అవి మొదలైతే పాప ఇంకో పాపైపోతుంది. ఎంత తిన్నా ఆకలే. ఎత్తుకున్నా ఏడుపే, దించినా ఏడుపే. బుగ్గలు పొంగి, కళ్లు గీతలైపోతాయి. పోయినసారి అద్దం ముందు నిలబడి, లోపలి పిల్లని వేలితో పొడిచి “ఎవరు?” అని అడిగింది.

పాప పుట్టిన ఏడాదికే తల్లి పోయింది. అప్పుడు నాన్న అక్క, అంటే ఆ మేనత్తే, తన కుట్టుమిషన్‌తో సహా వచ్చి, “మిషన్ ఎక్కడ పెట్టను?” అని మాత్రం అడిగి ఇక్కడే ఉండిపోయింది. పొద్దుటి పరీక్ష మొదట్నుంచీ ఆమెదే. ఇప్పుడు ఆమె కూతురికి ఒంట్లో బాగోలేదని వెళ్లింది. వెళ్తూ, “నీకు చెప్పేదేముంది? రంగులు చూడ్డమేగా, నీ పనేగా” అంది.

అతను చూశాడు. మొన్న ఆకుపచ్చ. నిన్న ఆకుపచ్చ.

ఈరోజు మూడోది.

స్నానాలగదిలో పాప సగం నిద్రలోనే పీట మీద కూర్చుంది. కుళాయి నీళ్లు రాత్రి వేడిని ఇంకా వదల్లేదు. అంత పొద్దున్నే చేతికి చల్లగా తగలకపోవడం కూడా ఒక దయే అనుకున్నాడు నాన్న.

“కప్పు బజ్జుందా?” అంది పాప, మూత్రం పట్టిన ప్లాస్టిక్ కప్పుని చూస్తూ.

“లేదమ్మా. డ్యూటీలో ఉంది.”

“నేనూ డూటీ” అని మళ్లీ కళ్లు మూసుకుంది.

అట్టముక్క ముంచి, కిటికీ గట్టు మీద మొన్నటిదాని పక్కన, నిన్నటిదాని పక్కన పరిచాడు. కొట్లో కొత్త రంగు కలిపితే చెక్కముక్క మీద పూసి ఇలాగే వరసగా ఆరబెడతాడు. తొందరపడేవాళ్లకి రోజూ చెప్పే మాట ఒకటే: తడి రంగుని నమ్మకండి, ఆరాక చూడండి. పాపకి మొహం కడిగాడు. జలుబుతో కారుతున్న ముక్కు తుడిచాడు. పాలు కాచి చల్లార్చాడు. ఎండ కిటికీ దిగి గట్టు మీద కూర్చుంది. అప్పుడు వెళ్లి చూశాడు.

ఆకుపచ్చ. వాన వెలిసిన మర్నాటి నాచులాంటి ఆకుపచ్చ.

కాసేపు ఆ రంగుని రంగుగానే చూస్తూ నిలబడ్డాడు. ఎవరైనా అడిగితే ఏ డబ్బాలోంచి ఎంత పోసి కలపాలో చెప్పగలడు. అంతకుమించి ఏమీ ఆలోచించకుండా వంటింట్లోకి నడిచి, రెండు చెంచాల మధ్య మాత్ర పెట్టి, నలపబోతుండగా ఫోను మోగింది.

“లేచిందా మన బుడగ?” అక్క గొంతు.

“లేచింది. అక్కా, మూడోరోజు కూడా ఆకుపచ్చే. మాత్ర వేస్తున్నా.”

“రెప్పలు?”

“ఉబ్బినట్టే ఉన్నాయి. లేనట్టే ఉన్నాయి.”

“బాగా చెప్పావు. ఒరేయ్, మూడు రోజులూ ముదురు రంగేనా? ఎంతసేపు ఆగి చూస్తున్నావు?”

“ఆరేదాకా.”

“ఏంటీ?”

“ఆరాకేగా అసలు రంగు తెలిసేది.”

అక్క ఒక్కో మాటా సూదిలో దారం ఎక్కించినట్టు పలికింది. “నాయనా, అది గోడ కాదు. ముంచాక నిమిషంలోపు చూసెయ్యాలి. ఆ తర్వాత అది దాని ఇష్టమొచ్చిన రంగుకి తిరుగుతుంది. డబ్బా మీదే రాసుంది.”

“నేను గళ్లే చూశాను.”

“చూస్తావు మరి. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడ్డట్టుంది నీ సంగతి. తప్పు నాదేలే, చెప్పకుండా వచ్చాను. కప్పు పారబోశావా?”

“లేదు. డ్యూటీలో ఉంది.”

“ఎవరు?”

“ఏం లేదు. ఉండు.”

ఫోను భుజానికి, చెవికి మధ్య ఇరికించుకుని కొత్త అట్టముక్క ముంచాడు. అక్క అవతల్నుంచి పైకే లెక్కపెడుతోంది, బట్ట కొలుస్తున్నప్పటి గొంతుతో. అతని చేతిలో గడి మెల్లగా మేలుకుంది. ఎండుగడ్డి పసుపు. అందులో ఎక్కడో, తెరవెనక మనిషి కదిలినట్టు, ఒక ఆకుపచ్చ నీడ.

“ఇప్పుడు చూడు” అంది అక్క.

“పసుపే. కానీ...”

“కానీ?”

“అడుగున కొంచెం ఆకుపచ్చ ఉంది.”

“నీకు ఉంటుంది. మామూలు మనుషులకి కనిపిస్తుందా?”

డబ్బాని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ పోల్చాడు. “మొదటి గడికీ రెండోదానికీ నడుమ.”

“జలుబు చేసిందిగా, ఆ మాత్రం వస్తుందని డాక్టరే అన్నాడు. ఆసుపత్రి తెరవగానే ఆయనకి ఫోన్ చేసి, ఆరబెట్టిన సంగతితో సహా చెప్పు. సిగ్గుపడకు. ఆయన వెయ్యమంటేనే మాత్ర. రేపు పొద్దున మళ్లీ చూద్దాం.”

“రేపు ఆకుపచ్చ వస్తే?”

“ఎల్లుండి చూద్దాం. నాకూ భయమేరా” అంది అక్క, గొంతు తగ్గించి. “రోజూ భయమే. నిమిషంలో తేలిపోతుంది కాబట్టి నీకు కనబడదు.”

ఫోను పెట్టాక డాక్టరు మాట కోసం కాసుకుని కూర్చున్నాడు. ఆసుపత్రి తెరిచాక ఫోన్ చేస్తే ఆయన అంతా విని, చిన్నగా నవ్వి, అక్క అన్నదే అన్నాడు: మాత్ర వద్దు, రోజూ చూస్తూ ఉండండి, వాపు కనిపిస్తే వెంటనే తీసుకురండి.

నాన్న మాత్రని డబ్బాలో వేసి మూత బిగించాడు. కొట్టుకి అప్పటికే ఆలస్యమైంది. అయినా లేవబుద్ధి కాలేదు. వంటింటి గచ్చు మీద పాప కాళ్లు చాపుకుని కూర్చుని ఖాళీ చెంచాతో గాలిని తింటోంది. ఎదురుగా తనూ చతికిలబడి, ఆమె మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో మెత్తగా నొక్కాడు. వాపుంటే అక్కడ గుంట పడి ఉండిపోతుంది. వేలు తీశాడు. చర్మం నీటిలా సర్దుకుంది. గుంట లేదు, మరక లేదు. ఈ పూటకి లేదు.

పాప చెంచా కింద పెట్టింది. అతని లాగు అంచు పైకి తోసి, తన బుల్లి బొటనవేలితో అతని కాలెముక మీద బలంకొద్దీ నొక్కింది. వేలు తీసి, ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, ఊపిరి బిగబట్టి చూసింది. నాన్న కూడా ఊపిరి బిగబట్టాడు.

“మంచిదే” అని తేల్చి, రెండో కాలు చాపమంది.