షోపీసును సాగనంపిన రోజు

మా ఇంట్లోంచి చెత్త బయటికి పోవడం ఆగిపోయి చాలా కాలమైంది. లోపలికి రావడం మాత్రం జోరుగా సాగుతోంది. పత్తి ఏరాక చేలో మిగిలిపోయే గుల్లలు, మక్క కంకుల పొట్టు, ఎండిన సొరకాయ బుర్రలు, రాలిన టేకు కాయలు, మేకలు కూడా వదిలేసిన తుమ్మకాయలు, అన్నీ మా ఇంటికే వస్తాయి. బండి మీద పోతుంటే నా భార్య మమతారాణి వెనకనుంచి వీపు మీద ఒక్కటి చరుస్తుంది. ఏ పామో అడ్డం వచ్చిందనుకుని నేను గభాలున బ్రేకు నొక్కుతాను. ఆమె దిగి, చెలకలోకి పోయి, ఒక వంకర కొమ్మను పట్టుకొస్తుంది. "ఎంత మంచిగున్నదో చూడు" అంటుంది. చూస్తాను. వంకరగా ఉంటుంది.

ఒప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, వారం తిరిగేసరికి ఆ కొమ్మే దీపాల స్టాండు అయి గోడకు వేలాడుతుంది, చూసినవాళ్లు నోరు తెరుస్తారు. మా అమ్మ శంకరవ్వ మాత్రం మూతి తిప్పుతుంది. "మేము పొయ్యిల పెట్టేటియి ఈమె గోడకు పెడ్తది" అంటుంది. ఒకసారి టేకు కాయలతో చేసిన తోరణాన్ని నిజంగానే పొయ్యిలో పెట్టి స్నానానికి నీళ్లు కాగబెట్టింది. ఆ నీళ్లు పోసుకున్నది నేనే. రెండురోజులు మా ఇంట్లో ఎవరితో ఎవరూ మాట్లాడలేదు.

మాది కరీంనగర్‌కు దగ్గర్లో మగ్గాల ఊరు. నేను పవర్‌లూమ్ నడుపుతాను, అందుకే ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడతాను. మమత బీడీలు చేస్తుంది. పొద్దస్తమానం ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. ఆ చాటంటే ఆమెకు ఎంత రోతో నాకు తెలుసు. అందుకే మంచిర్యాల నుంచి ప్రణతి మేడం వచ్చిన రోజున ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు.

ప్రణతి పెద్ద భూస్వాముల ఇంటి పిల్ల. మంచిర్యాలలో కొత్త హోటల్ కడుతోంది, మమత పనితనం గురించి విని వచ్చింది. మా గోడలన్నీ తిరిగి చూసి, ముందు హాలు నడిమధ్య పెట్టడానికి పెద్ద షోపీసు ఒకటి చేయమంది. అది నచ్చితే గదులన్నిటికీ మమతే చేయాలట. మేడం కారు మూలమలుపు తిరగ్గానే మమత నా చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పింది.

"గిది పాసయితె బీడీల చాటను అటకెక్కిస్త. మళ్ల దించ, చూడు!"

ఇక మొదలైంది పని. అడుగున పెట్టే వెదురు పళ్లెం, అదే సిబ్బి, దానికోసం జైనూర్ దాకా పోయాం. నిరుడు భాద్రపదంలో చేల గట్ల మీద కోసి, మా మగ్గాల షెడ్డు దూలాలకు తలకిందులుగా వేలాడదీసిన గునుగు పువ్వంతా కిందికి దిగింది. సిబ్బి మీద గుండ్రంగా ఒక వరస గునుగు, దాని మీద పత్తి గుల్లలు, ఆపైన రేకుల్లా మడిచిన మక్క పొట్టు, మళ్లీ గునుగు, నడుమ నడుమ ఎర్రగా మోదుగు పూలు. మోదుగు పూలకు చెట్టెక్కింది నేను, చిరిగింది నా ప్యాంటు. అన్నీ తుమ్మ బంకతో అతికించింది. పైకి పోను పోను సన్నమవుతూ అది నా నడుమెత్తు లేచింది.

"ఇది అచ్చం బతుకమ్మ లెక్కనే ఉన్నది గదే" అన్నాను.

"నీ మొకం. పసుపు గౌరమ్మ లేంది బతుకమ్మ ఎట్లయితది? ఇది షోపీసు."

మేడం వచ్చే రోజు ఫాల్గుణం ఎండ దంచుతోంది. బంక ఇంకా ఆరలేదని షోపీసును వాకిట్లోకి తెచ్చి పెట్టాం. పొద్దున్నే పేడనీళ్ల సాన్పి చల్లి, ముగ్గు పెట్టిన వాకిలి. మధ్యలో ఇది. మమత చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది. నన్ను కాపలా ఉండమంది. నేను ఉన్నాను. ఉండి ఏం లాభమో తర్వాత తెలిసింది.

ఎదురింటి వనజ వచ్చింది. ఆమె వెనక టైలరు నవీన, వాళ్ల వెనక గల్లీలోని ఆడవాళ్లంతా.

"ఏందన్నా, బతుకమ్మ ఎండాకాలమే వచ్చిందా?" అన్నది వనజ.

"కాదమ్మా, షోపీసు."

"షోపీసయితె గింత సక్కగ ఎందుకు పేర్చింది?" అంటూ వనజ నవ్వుతూ ఒక్క చప్పట కొట్టింది. నవీన రెండోది కొట్టింది. "ఒక్క చుట్టే అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నారు. మా ఆడవాళ్లకు సాన్పి చల్లిన వాకిలి, నడుమ గునుగు కనిపిస్తే కాళ్లు ఊరుకుంటాయా? ఒక చుట్టు రెండయింది. కొంగులు నడుముకు చేరాయి. నేను చేతులు అడ్డం పెడితే నా చుట్టూ కూడా తిరిగారు.

సరిగ్గా అప్పుడే, కొండగట్టు గుడికి పోయిన మా అమ్మ తిరిగి వచ్చింది. నుదుట సిందూరం, చేతిలో ప్రసాదం సంచి. ఆమెను చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. శంకరవ్వ నోటికి భయపడని ఆడది మా గల్లీలో లేదు. అనుకున్నట్టే అందుకుంది.

"సిగ్గున్నదా మీకు? ఏం పనే ఇది?"

అందరూ ఆగిపోయారు. నేను గుండె నిండా గాలి పీల్చుకున్నాను.

"గౌరమ్మను పెట్టకుంటనే ఆడుతరా? తల్లి తానకు ఒట్టి చేతులతోటి వస్తరా?" అంటూ విసవిసా లోపలికి పోయి, పసుపు తడిపి, ముద్ద చేసి తెచ్చి షోపీసు కొసన కూర్చోబెట్టింది. కుంకుమ బొట్టు పెట్టింది. కొండగట్టు నుంచి తెచ్చిన అగరుబత్తి వెలిగించింది. దండం పెట్టింది.

అప్పుడు బయటికి వచ్చింది మమత, కుచ్చిళ్లు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"అత్తా! అది షోపీసు!"

"ఇందాక. ఇప్పుడు కాదు" అన్నది మా అమ్మ.

మమత నావైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. "జర నువ్వన్న చెప్పవయ్యా!" అంటే గొంతు సవరించుకుని, "అవ్వా, మంచిర్యాల మేడం దీనికోసమే వస్తున్నది" అన్నాను.

"రానియ్యిరా. ఆమెకు కాళ్లు లేవా? ఆమె సుత ఆడుతది."

చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. మమత గడపలో కూలబడింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. లోపలికి పోయి ఆ బీడీల చాటను ఒక్క తన్ను తన్నాలనిపించింది. ఇంతలో వనజ పాట ఎత్తుకుంది. వనజ మంచిదే, గొంతు మాత్రం మా మగ్గానికి నూనె అయిపోయినప్పటి మోత. రెండో చరణానికే రాగం పక్కదారి పట్టింది. మమత ముఖం చిట్లించింది. మూడో చరణానికి ఇక ఓర్వలేకపోయింది.

"అట్ల కాదే! ఖరాబు చేస్తున్నవ్" అని లేచి, కుచ్చిళ్లు దోపుకుని, రాగం సరిచేయడానికి పోయింది. సరిచేస్తూ ఒక చుట్టు తిరిగింది. ఇంకో చుట్టు తిరిగింది. అంతే, ఇక బయటికి రాలేదు. మా వాళ్లు అప్పటికప్పుడు పాట కట్టడంలో దిట్టలు. "చెట్టెక్కె నరేశు, ప్యాంటు చిరిగిపాయె" అని మమత నా పేరుతోనే ఎత్తుకుంటే గల్లీ అంతా పగలబడి నవ్వింది. ఏడుపు ముఖంతో నవ్వుతూ, చెమటలు కారుతూ, ఆమె అంత అందంగా నాకు పెళ్లిలో కూడా కనిపించలేదు. చప్పట్లు నేను కూడా కొట్టాను. దాచడం ఎందుకు?

పొద్దు వాలింది. చప్పట్లు ఆగాయి. అప్పుడు అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. చుట్టూ తిరిగి ఆడిన బతుకమ్మను ఇంట్లో ఉంచకూడదు. నీళ్లలో సాగనంపాలి.

మా అమ్మ చీర కొంగు నలుపుతూ నిలబడింది. "చేసింది నువ్వు. నువ్వే చెప్పు బిడ్డా" అన్నది. కోడల్ని ఆమె బిడ్డా అనడం నేను వినడం అదే మొదలు.

మమత ఒక గునుగు పువ్వును వేలితో సరిచేసింది.

"ఇంతమంది మొక్కినంక హోటల్ల ఎట్ల పెడ్తం అత్తా? లేపుండ్రి" అన్నది.

నేను ఎత్తబోతే మా అమ్మ నన్ను పక్కకు నెట్టింది. నెత్తిన బట్ట చుట్ట పెట్టుకుంది. "మోసేది నేను. నా కోడలు చేసింది" అని గల్లీ అంతా వినేట్టు అన్నది. ఆ మాటకు మమత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యాసంగి పొలాలకు కాలువలో నీళ్లు వదిలిన రోజులవి. గట్టు నిండా జనం. నేను బండి మీద వెనకే వచ్చాను. బతుకమ్మను నీళ్లలో వదిలారు. మామూలు బతుకమ్మ కాసేపు తేలి ఒరిగిపోతుంది. ఇది అన్నీ ఎండినవాటితో చేసిందాయె, బాతులాగా తేలుతూ, గౌరమ్మను నెత్తిన పెట్టుకుని, హుందాగా బయలుదేరింది. అదే సమయానికి వంతెన మీద కారు ఆగింది. ప్రణతి దిగింది.

"అక్కా, నా షోపీసేది?"

మమత కాలువ వైపు వేలు చూపించింది.

"అయ్యో! అన్నా, పట్టుకోండి!" అని ప్రణతి అరిచింది. గట్టు మీద కారు పోదు. ఆమె ఎగిరి నా ఎక్సెల్ బండి వెనక కూర్చుంది. కాలువలో అది, గట్టు మీద మేము. ఒక చెప్పు జారి కాలువలో పడింది, ఆమె పట్టించుకోలేదు. "జల్ది అన్నా, జల్ది!" అని, మమత లాగే, నా వీపు మీద చరుస్తోంది. తూము దగ్గర నీళ్లు నెమ్మదిస్తాయి. అక్కడ దాన్ని అందుకోబోయాను. వేళ్లకు సిబ్బి అంచు తగిలింది కూడా. ఇంతలో తడిబట్ట ఒకటి నా చేతిమీద ఛళ్లున పడింది. బట్టలు ఉతుకుతున్న ముసలవ్వ.

"పోయే తల్లిని పట్టుకుంటవారా? బుద్ధున్నదా?"

"అవ్వా, అది నాది" అని ప్రణతి బతిమాలింది.

"నీదయితె దండం పెట్టు."

ప్రణతి చేతులు జోడించింది. నేను కూడా జోడించాను. అవ్వ దాన్ని మెల్లగా లోతుకు నెట్టింది. అది వంపు తిరిగి కనిపించకుండా పోయింది. ప్రణతి గట్టున కూలబడి, ఎక్కిళ్లు వచ్చేదాకా నవ్వింది.

మేము తిరిగి వచ్చేసరికి మమత వంతెన దగ్గరే నిలబడి ఉంది. ముఖంలో రక్తం లేదు. "మేడం, తప్పయింది. మళ్ల చేస్తనంటే గునుగు లేదు. భాద్రపదం రావాలె" అన్నది.

"రానీ అక్కా. అప్పటిదాకా హాలు నడుమ జాగ ఖాళీగ ఉంచుత. రూములయి మాత్రం రేపే మొదలుపెట్టు. అన్నీ గోడకు పెట్టేవే చెయ్యి. గోడ చుట్టూ ఎవరూ తిరగలేరు గదా!"

మమత నవ్విందో ఏడ్చిందో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి. నా భుజం పట్టుకుని ఊపేసింది. ప్రణతి ఒంటి చెప్పుతో కారెక్కబోతుంటే మా అమ్మ ఆపింది.

"బిడ్డా, ఒక మాట. నా కోడలు చేస్తె మీ హోటల్ల సుత ఆడుతరు, ఎవ్వలు ఆపినా ఆగరు. మీ తానకెల్లి గోదావరి ఎంత దూరం?"

"ఎదురుంగనే అవ్వా. గేటు దాటితే మెట్లు."

"ఇగ ఫికర్ లేదు. ఈసారి ఎత్తు జర పెంచు పిల్లా" అన్నది మా అమ్మ, మమత తలమీద అతుక్కున్న గునుగు రేకును తీసి భద్రంగా తన కొంగున ముడేసుకుంటూ.